ఆపరేషన్ అయిన కుందేలుకు కుట్ల కంటే ముందు పెంటికలు చూడండి

మా కుందేలు దూదికి అయిదో ఏట గర్భసంచి తీసేశారు. అంతకుముందు ట్రేలో మూత్రం ఎర్రగా కనబడినప్పుడు మొదట నేను పట్టించుకోలేదు. కుందేళ్ల మూత్రం ఒక్కోసారి ఏ జబ్బూ లేకుండానే నారింజ రంగులో, ఎర్రగా వస్తుంది. తీరా పరీక్ష చేస్తే అది రక్తమే, స్కాన్‌లో గడ్డ కూడా కనబడింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లలో, వయసు పైబడేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ చాలా మామూలు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి తెచ్చిన మొదటి రాత్రంతా టార్చి పట్టుకుని కుట్లే చూస్తూ కూర్చున్నాను. ఎర్రబడ్డాయా? ఉబ్బాయా? తెల్లారాక డాక్టరుగారికి ఫోన్ చేసి కుట్లు చాలా బాగున్నాయని సంబరంగా చెప్పాను. ఆవిడ ఒకటే అడిగారు: "పెంటికలు ఎన్ని వేసింది?"

లెక్క పెట్టలేదు. వెళ్లి చూస్తే ట్రేలో ఒక్కటీ లేదు.

కుందేలు పేగు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. నొప్పి, భయం, మత్తుమందు, ఈ మూడింట్లో ఏది ఉన్నా ఆ కదలిక మందగిస్తుంది. లోపలి మేత గట్టిపడుతుంది, గ్యాస్ పడుతుంది, కడుపు నొప్పెడుతుంది, దాంతో ఇంకా తినదు. వాంతి చేసుకుని తేలికపడదామన్నా కుందేలుకు వాంతి రాదు. అందుకే ఆపరేషన్‌కు ముందు కుక్కనో పిల్లినో ఉంచినట్టు దీన్ని రాత్రంతా పస్తు ఉంచకూడదు. ఉంచమని ఎవరైనా చెబితే, కుందేళ్లకు వైద్యం చేసిన అనుభవం వాళ్లకు ఉందో లేదో ఒకసారి అడగండి.

ఇంటికి తెచ్చే ముందు ఆసుపత్రిలోనే కొన్ని విషయాలు కాగితం మీద రాయించుకోండి. నొప్పి మందు ఆఖరిసారి ఎప్పుడు ఇచ్చారు, మళ్లీ ఎప్పుడు ఇవ్వాలి, మత్తు దిగాక ఏమైనా తిన్నదా, పెంటికలు వేసిందా, కుట్లు వాటంతటవే కరిగేవా, తీయించాలా. రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో కూడా అప్పుడే అడిగేయండి. అర్ధరాత్రి టెన్షన్‌లో నంబరు వెతుక్కోవడం నరకం.

ఉంచే చోటు చిన్నదిగా, ఎత్తుపల్లాలు లేకుండా ఉండాలి. రంపపు పొట్టు వేయకండి, కుట్లకు అంటుకుంటుంది. కింద వార్తాపత్రికలు, వాటి మీద పాత తువ్వాళ్లు చాలు. లేత రంగు తువ్వాలైతే మూత్రం, రక్తపు చుక్క, పెంటిక అన్నీ ఇట్టే కనబడతాయి. నీళ్లు సీసాలో కాకుండా బరువైన గిన్నెలో పెడితే మెడ సాచకుండా తాగుతుంది. వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి ఒక మూల మాత్రమే పెట్టండి. వేడి ఎక్కువైతే పక్కకు జరగడానికి దానికి చోటుండాలి. కుందేలు ఒంటి వేడి మామూలుగా 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. చెవులు చల్లగా తగిలి, మనిషి పలకరించినా కదలకుండా ఉంటే అది నిద్ర అనుకోవద్దు.

జోడీ కుందేలు ఉంటే మరీ దూరం పెట్టకండి. దూదికి, దాని జోడీ బూడిదకి మధ్య జాలీ అడ్డం పెట్టాం. ఒకదాని వాసన ఒకదానికి తగులుతుండేది. బూడిద మూడు రోజులూ ఆ జాలీకి ఆనుకునే పడుకున్నాడు.

ఇక తిండి. ఎండుగడ్డి మూతి దగ్గరే ఉండాలి, ఇష్టమైన ఆకులు కూడా. వాసన చూసి మొహం తిప్పేసుకుంటే చేత్తో తినిపించాల్సిందే. గడ్డి తినే జంతువులు కోలుకునేటప్పుడు పెట్టే పొడి మేత డాక్టరు ఇస్తారు. అది దొరకకపోతే, రోజూ తినే పెల్లెట్లనే (గుళికల మేత) నానబెట్టి మెత్తగా రుబ్బవచ్చా అని అడగండి. మాకు చెప్పిన లెక్క రోజుకు కిలో బరువుకు 50 మిల్లీలీటర్ల ముద్ద. దూది రెండు కిలోలు, కాబట్టి 20 మిల్లీలీటర్ల చొప్పున అయిదుసార్లు. మీ కుందేలు లెక్క మీ డాక్టరునే అడగాలి.

పట్టించడంలో నేను చేసిన తప్పు చెబుతాను. మొదటిసారి దూదిని పసిపిల్లలా వెల్లకిలా ఒళ్లో వేసుకున్నాను. ముద్ద సిరంజిలోంచి రావట్లేదని గట్టిగా నొక్కాను. ఒక్కసారిగా బోలెడంత నోట్లోకి వెళ్లి ఉక్కిరిబిక్కిరైంది. అలా ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. నాలుగు కాళ్ల మీద కూర్చోబెట్టి, ఒంటి చుట్టూ తువ్వాలు చుట్టి, తల మాత్రం బయట ఉంచాలి. ముందు పళ్లకు, దవడ పళ్లకు మధ్య ఖాళీ ఉంటుంది. సిరంజి మూతి పక్క నుంచి ఆ ఖాళీలోకి పెట్టి, అర మిల్లీలీటరు వదిలి ఆగాలి. దవడ ఆడుతుంది, మింగుతుంది, అప్పుడు మళ్లీ కొంచెం. ముద్ద గోరువెచ్చగా ఉంటే త్వరగా ఒప్పుకుంటుంది. సన్న మూతి సిరంజి అయితే అడ్డుపడుతుంది. వెడల్పు మూతిది ఆసుపత్రిలోనే అడిగి తీసుకోండి.

పేగులో అడ్డు ఉందన్న అనుమానం ఉన్నా, కడుపు డోలులా బిగుసుకుని ఉన్నా డాక్టరును అడగకుండా పట్టించకండి. గ్యాస్ పోతుందని పొట్ట పిసకడం కూడా వద్దు, అక్కడ కుట్లున్నాయి.

నొప్పి సంగతి కుందేలు చెప్పదు. వేటాడబడే జంతువు కదా, దాచుకోవడమే దానికి తెలుసు. ముఖం చూడాలి. కళ్లు సగం మూసుకుని, బుగ్గలు పీక్కుపోయి, చెవులు బిగబట్టి, మూలన ముడుచుకుని కూర్చుందంటే నొప్పి ఉన్నట్టే. పళ్లు గట్టిగా నూరుతున్నా అంతే. తల నిమిరేటప్పుడు చేసే సన్నటి పళ్ల చప్పుడు వేరు, అది హాయి. బాగానే ఉంది కదా అని మీ అంతట మీరు నొప్పి మందు ఆపకండి. బాగుండడానికి కారణం ఆ మందే కావచ్చు. మనం వేసుకునే మాత్రలు మాత్రం ముట్టించవద్దు. అమాక్సిసిలిన్ లాంటి యాంటీబయాటిక్ నోటి ద్వారా ఇస్తే పేగులోని మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చి కుందేలు ప్రాణమే పోవచ్చు.

కుట్లు కొరక్కుండా మెడ చుట్టూ గరాటులా వేసే కాలర్ విషయంలో నాది గట్టి అభిప్రాయం. కుట్లు కొరికితేనే వేయాలి. కుందేలు తన మెత్తటి పెంటికలను నేరుగా నోటితో అందుకుని తినాలి, దాని పోషణలో అదొక భాగం. కాలర్ ఉంటే అందదు, పైగా బెదిరి తిండి మానేస్తుంది. తప్పనిసరై వేస్తే ఆ మెత్తటి గుత్తులను మీరే తీసి మూతి దగ్గర పెట్టండి. అసహ్యం అనుకోకండి, రెండో రోజుకు అలవాటైపోతుంది.

కుట్లు పొద్దున, సాయంత్రం ఒక్కోసారి చూస్తే చాలు. వాపు పెరుగుతున్నా, తడి ఆరకపోయినా, లోపల గట్టి గడ్డలా తగిలినా చూపించండి. కుందేలు చీము పలచగా కారదు, జున్నులా గట్టిగా ఉంటుంది, అందుకే బయటికి తెలియదు.

నేను ఒక నోటుబుక్కు పెట్టాను. టైము, తిన్నది, మందు, పెంటికలు, పొద్దుటి బరువు. మొదటి రోజు మధ్యాహ్నం రెండున్నరకు "7, చిన్నవి, నల్లవి" అని రాసుకుని ఇంట్లో అందరికీ చూపించాను. మొదట్లో చిన్నగా, వంకర టింకరగా ఉన్నా ఫరవాలేదు. రాను రాను పెద్దవై గుండ్రంగా రావాలి. పది, పన్నెండు గంటలపాటు తినకపోయినా, పెంటికలు వేయకపోయినా పొద్దుటిదాకా ఆగకండి, అర్ధరాత్రైనా ఫోన్ చేయండి. నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నా, కుట్ల నుంచి రక్తం కారుతున్నా ఆ గంటలు కూడా లెక్కపెట్టకుండా బయల్దేరండి.

నాలుగో రోజు సిరంజి చూడగానే దూది నేలను వెనక్కాలితో దబ్బున కొట్టి, వెళ్లి గడ్డి గంపలో దూరింది. నోటుబుక్కులో ఆ పూట పెంటికల గడిలో "లెక్కపెట్టలేనన్ని" అని ఉంది.