డయాలసిస్ గొట్టం మీద లాగుడు పడకుండా ఒంటికి ఎలా అమర్చుకోవాలి?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్ అంటే, అదే కిడ్నీలు చేయాల్సిన రక్తశుద్ధిని యంత్రంతో చేయించడం అంటే, ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. అయితే ఎంత మంచి ఆసుపత్రి అయినా, వారానికి మూడుసార్లు, సారికి 4 గంటలు అనుకుంటే 12 గంటలే మనం నర్సు కళ్ల ముందు ఉంటాం. మిగిలిన 156 గంటలూ, రక్తం యంత్రానికి వెళ్లి రావడానికి ఒంట్లో పెట్టిన ఆ గొట్టం మన చొక్కా కింద, ఆటో కుదుపుల్లో, నిద్రలో మనతోనే ఉంటుంది. ఆ గంటల కోసమే ఈ వ్యాసం.

ముందు మీ గొట్టం ఏ రకమో కనుక్కోండి

మెడ దగ్గర పెట్టి కుట్లు వేసి వదిలేసేది తాత్కాలిక గొట్టం. దాన్ని పట్టి ఉంచేవి ఆ కుట్లే. రెండోది పర్మ్‌క్యాథ్. ఇది మెడలోని రక్తనాళంలోకి వెళ్లి, చర్మం కింద కొంత దూరం నడిచి, కాలర్ ఎముక కింద ఛాతీ మీద బయటికి వస్తుంది. చర్మం కింద దానికి చిన్న మెత్తని పట్టీ ఉంటుంది. దాన్ని కఫ్ అంటారు. మన కండ ఆ కఫ్‌లోకి అల్లుకుపోయి గొట్టాన్ని పట్టుకుంటుంది. దీనికి సుమారు 3 నుంచి 4 వారాలు పడుతుంది. అందుకే మొదటి నెల గండం లాంటిది. అప్పటిదాకా కుట్లే ఆధారం కాబట్టి డాక్టరు చెప్పకుండా వాటిని తీయించుకోకూడదు. తొడ మొదట్లో గొట్టం పెడితే ఎంతసేపు కూర్చోవచ్చో, నడవచ్చో ముందే డాక్టరును అడగండి. ఆ గొట్టంతో ఇంటికి పంపడం అరుదే.

ఏ రకమైనా అసలు సూత్రం ఒకటే. గొట్టం బరువు గానీ, లాగుడు గానీ అది బయటికి వచ్చే రంధ్రం మీద పడకూడదు. రంధ్రం దగ్గర గొట్టం కొద్దికొద్దిగా కదులుతూ ఉంటే చర్మం ఒరిసి పుండవుతుంది. ఆ సందులోంచి క్రిములు లోపలికి వెళ్తాయి. గొట్టం లోపలి కొస గుండె దగ్గర ఉంటుంది. కాబట్టి అక్కడ చేరిన క్రిమి నేరుగా రక్తంలో కలుస్తుంది.

రంధ్రం మీది కట్టు నర్సుది, బయట వేలాడే భాగం మీ బాధ్యత

ఈ గీత దాటకండి. రంధ్రం మీది డ్రెస్సింగ్‌ను డయాలసిస్ కేంద్రంలో మాస్కు పెట్టుకుని మారుస్తారు. ఇంట్లో దాన్ని విప్పి చూడొద్దు. పసుపు, పౌడరు, తెలిసినవాళ్లు ఇచ్చిన ఆయింట్‌మెంటు, ఏదీ పెట్టొద్దు. అంచు లేస్తే పీకకుండా, దాని మీదే శుభ్రమైన కొత్త గాజ్ గుడ్డ వేసి చుట్టూ ప్లాస్టర్ అతికించి కేంద్రానికి ఫోన్ చేయండి. తడిసినా, చెమటకు లోపల చెమ్మగిల్లినా అదే రోజు మార్పించుకోవాలి. మన సముద్రపు గాలి ఉక్కపోతలో వేసవంతా ఈ బాధ తప్పదు.

బయట వేలాడే రెండు కొసలను సర్దే పద్ధతి ఇది.

1. చేతులు సబ్బుతో బాగా రుద్ది కడుక్కుని, శుభ్రమైన తువ్వాలుతో తుడుచుకోండి. జీడిపిక్కల పనికి వెళ్లేవాళ్లు మరీ జాగ్రత్త. జీడి రసం చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి ఆ చేతులు కట్టు దగ్గరికి రాకూడదు.

2. ఎరుపు, నీలం మూతలు రెండూ బిగుతుగా ఉన్నాయా, రెండు క్లాంపులూ (గొట్టాన్ని నొక్కి మూసే క్లిప్పులు) మూసి ఉన్నాయా చూడండి. పొద్దున లేవగానే ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి ఇలా చూడాలి. వాటిని ఇంట్లో ఎవరూ తెరవకూడదు. గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా మందు నింపి ఉంచుతారు.

3. కొసలు సహజంగా ఎటు వాలుతున్నాయో అటే ఉండనివ్వండి. అందం కోసమో, జాకెట్టు మెడలోంచి కనబడుతుందనో పైకి మడిచి అతికిస్తే గొట్టం నలుగుతుంది, కుట్ల మీద ఒత్తిడి పడుతుంది.

4. క్లాంపుల కింద మడత పెట్టిన గాజ్ గుడ్డ పెట్టండి. గట్టి ప్లాస్టిక్ గంటల తరబడి ఒత్తితే చర్మం కందిపోతుంది. సన్నగా ఉన్నవాళ్లకు, పెద్దవాళ్లకు ఇది ముఖ్యం.

5. ఇప్పుడు పేపర్ టేపు. మెడికల్ షాపులో మైక్రోపోర్ అని అడిగితే ఇస్తారు. రంధ్రానికి బెత్తెడు దూరంలో, డ్రెస్సింగ్ అంచు దాటాక అతికించాలి. టేపును గొట్టం మీద అడ్డంగా పరిచి నొక్కేయకండి. ముక్క మధ్యభాగాన్ని గొట్టం చుట్టూ తిప్పి, గొట్టం కింద రెండు వైపులనూ కలిపి కాస్త నొక్కి, మిగిలిన చివరలను ఇటూ అటూ చర్మం మీద పరచండి. అప్పుడు గొట్టం చర్మానికి అదిమి పెట్టినట్టు కాకుండా టేపు చేతుల్లో నిలబడుతుంది. టేపుకూ రంధ్రానికీ మధ్య గొట్టం బిగుతుగా సాగి ఉండకూడదు, కొద్దిగా వదులు కావాలి. ఎవరైనా పొరపాటున లాగితే ఆ లాగుడు ముందు టేపు మీద పడాలి.

6. టేపు ఒక చివర కొంచెం లోపలికి మడవండి, తీసేటప్పుడు పట్టు దొరుకుతుంది. తీసేటప్పుడు ఒక చేత్తో గొట్టాన్ని కదలకుండా పట్టుకుని, టేపును రంధ్రం వైపుకే మెల్లగా తీయాలి. జిగురు వదలడం లేదని స్పిరిట్, గోళ్లరంగు తుడిచే మందు వాడొద్దు, కొన్ని రకాల గొట్టాలు పాడవుతాయి. కత్తెర, బ్లేడు అసలు దగ్గరికే రానివ్వకండి.

టేపుతో దురద పుడితే ప్రతిసారీ కొంచెం పక్కకి మార్చి అతికించండి, నర్సుకు చెప్పండి. దురదను ఓర్చుకుంటూ కూర్చుంటే నిద్రలో తెలియకుండా గోకేస్తారు. గొట్టం ఊడివచ్చేది అలాంటప్పుడే.

సంచీ, బట్టలు

టేపు ఒక్కటే బరువంతా మోయలేదు. పాత మెత్తని నూలు పంచెతో అరచేతి అంత సంచీ కుట్టించి, కొసలను అందులో ఉంచండి. దారంతో మెడలో వేసుకునే సంచులు కొందరు వాడతారు. పగలు పర్వాలేదు గానీ రాత్రి ఆ దారం మెలిపడి గొట్టాన్నే లాగొచ్చు. నాకు నచ్చేది బట్టకే జేబు కుట్టించుకోవడం. బనియన్ ముందుభాగం నిలువునా కత్తిరించి టిచ్ బటన్లు పెట్టి, గొట్టం వేలాడే చోట లోపలివైపు జేబు కుట్టమంటే ఊళ్లో ఏ టైలరైనా కుట్టేస్తాడు. ఆడవాళ్లకు ముందు హుక్కుల జాకెట్టుకూ ఇలాగే చేయొచ్చు. జేబు అడుగు గొట్టం కొసలను మోసేంత ఎత్తులో ఉండాలి. మరీ పైకి ఉంటే గొట్టం వంగిపోతుంది. ఇలాంటివి మూడు కుట్టించుకుని రోజూ ఉతికి ఎండలో ఆరేయండి.

తలమీంచి తొడుక్కునే బట్టలు మానేయండి. పైట పిన్నీసు రెండోవైపు భుజానికి మార్చండి. గొట్టానికి పిన్నీసు ఎంత దూరంలో ఉంటే అంత మంచిది. నల్లపూసలు, గొలుసులు క్లాంపుల్లో చిక్కుకోకుండా పొట్టివి వేసుకోవాలి, లేదా కొన్నాళ్లు తీసి ఉంచాలి. మగవాళ్లు భుజం మీద కండువా, కావడి, గడ్డిమోపు లాంటివి ఆ వైపు పెట్టొద్దు. మనవడిని ఎత్తుకుంటే రెండో చంకన ఎత్తుకోండి. పసివాళ్ల చెయ్యి ముందు గొట్టం మీదికే పోతుంది.

పడుకునేటప్పుడు వెల్లకిలా గానీ, గొట్టం లేని వైపుకు గానీ తిరగండి. స్నానం ఛాతీ కింది దాకా, పైన తడిగుడ్డతో తుడుచుకోవడమే. చెరువు, సముద్రం, బోరు కింద కూర్చోవడం వద్దు. తల స్నానం కావాలంటే ఇంట్లోవాళ్లు వెనక్కి వాల్చి చేయించాలి.

ప్రమాదం వస్తే

గొట్టం కొంచెం బయటికి జారినా, కఫ్ కనిపించినా లోపలికి తోయకండి. ఉన్నది ఉన్నట్టు అతికించి ఆసుపత్రికి వెళ్లండి.

పూర్తిగా ఊడివస్తే రోగిని వెంటనే పడుకోబెట్టి, శుభ్రమైన గుడ్డతో రంధ్రం మీద గట్టిగా నొక్కండి. పర్మ్‌క్యాథ్ అయితే కాలర్ ఎముక పైన, మెడలో గొట్టం రక్తనాళంలోకి వెళ్లిన చోట కూడా నొక్కాలి. ఒకరు నొక్కుతుంటే ఇంకొకరు 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేదాకా చెయ్యి తీయొద్దు.

మూత ఊడినా, గొట్టం చీలినా గాలి లోపలికి పోయే ప్రమాదం ఉంది. ఆ చోటుకూ ఒంటికీ మధ్య గొట్టాన్ని మడిచి గట్టిగా పట్టుకోండి, అక్కడ క్లాంపు ఉంటే మూసేయండి. రోగిని ఎడమవైపుకు తిప్పి, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి 108ని పిలవండి.

చలితో వణుకు, జ్వరం, రంధ్రం దగ్గర ఎరుపు, నొప్పి, చీము, వీటిలో ఏది కనిపించినా అదే రోజు డయాలసిస్ కేంద్రానికి వెళ్లాలి. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర జ్వరం ఇంజక్షన్ చేయించుకుని మూడు రోజులు చూద్దాం అనుకోవద్దు. సెలైన్ ఎక్కించడానికో రక్తం తీయడానికో ఆ గొట్టాన్ని వాడతామంటే ఎవరినీ ఒప్పుకోవద్దు.

కడుపు గొట్టం ఉన్నవాళ్లకు

డయాలసిస్ కోసం ఇంట్లోనే గొట్టంతో కడుపులోకి ద్రవం ఎక్కించుకునేవాళ్లకూ సూత్రం అదే. రంధ్రానికి కాస్త దూరంలో టేపు, పైన మెత్తని నూలు బెల్టు. ఇక్కడ చిక్కు తెచ్చేవి లుంగీ ముడి, లంగా బొందు, చీర కుచ్చిళ్లు. ఆపరేషన్‌కు ముందే రోజూ కట్టుకునే బట్టతో నిలబడి, కూర్చుని చూపించి, ముడి పడే చోటు తప్పించి గొట్టం పెట్టే చోట గుర్తు పెట్టమని డాక్టరును అడగండి. తరువాత మార్చడం కుదరదు.

మెడ గొట్టం ఉన్నవాళ్లు ఇంకోమాట కూడా డాక్టరును అడగాలి, చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలోని రెండు రక్తనాళాలను కలిపే ఆపరేషన్) ఎప్పుడు చేస్తారని. అది సూదికి సిద్ధం కావడానికి నెలన్నర నుంచి మూడు నెలలు పట్టొచ్చు కాబట్టి ఆలస్యం చేయొద్దు. గొట్టంతో పోలిస్తే ఫిస్టులాకు ఇన్‌ఫెక్షన్ భయం చాలా తక్కువ. ఏ చేతికి చేస్తామన్నారో ఆ చేతికి ఈలోపు సూదులు, బీపీ పట్టీ వేయనివ్వకండి.