క్రీస్తులో ఉన్నవాళ్ళు సోమవారం నుంచి శనివారం దాకా ఎలా బతకాలి

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో మీరూ తీర్మానాలు చేసుకునే ఉంటారు. పన్నెండు కొట్టే వేళకి మోకాళ్ళ మీద ఉండి, ఈ ఏడాది బైబిల్ మొత్తం చదువుతాను ప్రభువా, కోపం మానేస్తాను, ఫోన్ తగ్గిస్తాను, తెల్లవారుజామున లేచి ప్రార్థన చేస్తాను అని కన్నీళ్ళతో చెప్పి, ఆ ఏడాదికి ఒక బైబిల్ వచనం రాసి ఇచ్చే వాగ్దానం కార్డు తీసుకుని పర్సులో పెట్టుకుని ఇంటికి రావడం. నేను చాలా ఏళ్ళు అలాగే చేశాను. ఆదికాండం బాగా సాగేది, నిర్గమకాండంలో సగం దాకా పర్లేదు, లేవీయకాండం దగ్గర ఆగిపోయేది. చదవడం ఆగితే ప్రార్థన ఆగేది, ప్రార్థన ఆగితే కోపం మళ్ళీ మొదలయ్యేది, ఆ తర్వాత గుడిలో ఎవరైనా "ఎలా ఉన్నారు బ్రదర్" అంటే "దేవుని కృప" అని చెప్పి పక్కకు తప్పుకునేవాడిని. నోటితో కృప అంటున్నాను, బతకడం మాత్రం నా పట్టుదల మీద బతుకుతున్నాను. ఈ తేడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

రక్షణ కృప వల్లే అని మనలో ఎవరిని అడిగినా చెప్తారు, ఎఫెసీ 2:8 సండే స్కూల్ పిల్లలకి కూడా కంఠతా వచ్చు. చిక్కంతా ఆ తర్వాతే. బాప్తిస్మం అయిన మర్నాటి నుంచి ఇక నా వంతు, నేను సరిగ్గా ఉండాలి, లేకపోతే ఆయన మొహం తిప్పుకుంటాడు అన్నట్టు ఉంటాం. గలతీ సంఘాలకి జరిగింది ఇదే. క్రీస్తు చాలడు, సున్నతి కూడా కావాలి అని వచ్చినవాళ్ళ మాటకి వాళ్ళు లొంగిపోతుంటే పౌలు ఎంత గట్టిగా అడిగాడో చూడండి: "మొదట ఆత్మానుసారముగా ఆరంభించి, యిప్పుడు శరీరానుసారముగా పరిపూర్ణులగుదురా?" మనకి ఇప్పుడు ఎవరూ సున్నతి చేయించుకోమని చెప్పడం లేదు. ఎన్ని అధ్యాయాలు చదివాం, ఎన్ని గంటలు ప్రార్థించాం, ఎన్ని ఉపవాసాలు ఉన్నాం అనే లెక్క ఆ చోట కూర్చుంది.

అందుకని మొట్టమొదట చేయాల్సిన పని ఏమిటంటే, మీకు ఇప్పటికే ఏం జరిగిందో తెలుసుకోవడం. రోమా పత్రిక తెరిచి మొదటి అయిదు అధ్యాయాలు ఒక పెన్సిల్ పట్టుకుని చదవండి, విశ్వాసితో "ఇది చెయ్యి" అని చెప్పే మాట దాదాపు దొరకదు. దేవుడు ఏం చేశాడన్నదే అంతా. ఆరో అధ్యాయంలో, మనం క్రీస్తుతో కూడా చనిపోయాం, పాతిపెట్టబడ్డాం, ఆయన లేచినట్టే కొత్త జీవం పొందాం అని చెప్పాక, 11వ వచనంలో అప్పుడు అంటాడు: పాపం విషయంలో మృతులుగా, దేవుని విషయంలో సజీవులుగా మిమ్మల్ని మీరే ఎంచుకోండి అని. ఆ "ఎంచుకోవడం" గ్రీకులో లెక్కలు రాసేవాళ్ళు వాడే మాట. ఒకటో తారీఖున జీతం పడినట్టు ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. మీకు ఆ రోజు హుషారుగా ఉన్నా లేకపోయినా, జ్వరంతో పడుకున్నా, డబ్బు ఖాతాలో ఉంది కాబట్టి ఉందనే లెక్కేసుకుని అద్దె కడతారు, పాలవాడికి ఇస్తారు. నేను గట్టిగా అనుకుంటే నా పాత మనిషి చచ్చిపోతాడు అని కొందరు పొరపాటు పడి పళ్ళు బిగించి అనుకుంటూ ఉంటారు. అది కాదు. సిలువ మీద ఆ పని అయిపోయింది, మీరు దాన్ని ఖాతాలో రాసుకుంటున్నారు, అంతే.

ఏడో అధ్యాయం మొదట్లో పౌలు, మనం ధర్మశాస్త్రం విషయంలో చనిపోయి క్రీస్తుకి చెందినవాళ్ళం అయ్యామని చెప్పడానికి పెళ్ళి పోలిక తెచ్చాడు, మన ఇళ్ళలో అది ఇంకా బాగా అర్థమవుతుంది. మా ఇంట్లోనే చూశాను. పెళ్ళయిన కొత్తలో నా భార్య బ్యాంకులో ఫారం నింపుతూ చెయ్యి అలవాటుగా పుట్టింటి ఇంటిపేరు రాసేసేది, కొట్టేసి మళ్ళీ రాసేది. పాత పేరు రాసిందని పెళ్ళి రద్దవలేదు కదా. రాస్తూ రాస్తూ చెయ్యి మారింది. మీరు పాత అలవాటులో ఒక మాట జారినప్పుడు మీరు ఎవరివారన్నది మారలేదని గుర్తుంచుకోండి, కొట్టేసి మళ్ళీ రాయండి.

సరే, రోజులో ఇది ఎలా?

పొద్దున లేవగానే ఫోన్ ముట్టుకోకముందు, మంచం మీదే కూర్చుని, రెండు నిమిషాలు చాలు, పైకి వినబడేలా చెప్పండి. గలతీ 2:20 వాడండి: "నేను క్రీస్తుతోకూడ సిలువవేయబడియున్నాను, ఇకను జీవించువాడను నేను కాను, క్రీస్తే నాయందు జీవించుచున్నాడు." ఆ తర్వాత ఆ రోజు మీకు టెన్షన్ పెట్టే ఒక్క సంగతి పేరు పెట్టి చెప్పండి. "ప్రభువా, పదకొండింటికి మీటింగ్ ఉంది, మా బాస్ ముందు నాకు ఓపిక ఉండదు, నీకుంది, నాలో ఉన్నది నువ్వే." దీర్ఘ ప్రార్థనకి సమయం దొరికితే ఇంకా మంచిది. దొరకని రోజున దీన్ని మాత్రం వదలొద్దు, ఎందుకంటే రోజంతా నడిచేది ఈ సంగతి మీదే.

తర్వాత అసలు చోటు, అంటే శోధన వచ్చే క్షణం. ఇక్కడే చాలామందికి ఏం చేయాలో తెలియదు, నాకూ తెలిసేది కాదు. మాది ఉప్పల్, ఆఫీసు హైటెక్ సిటీలో. సాయంత్రం మెట్రోలో అమీర్‌పేట దగ్గర ఎక్కే జనం, నిలబడి నిలబడి కాళ్ళు లాగుతుంటే ఇంటికొచ్చి బ్యాగ్ కూడా కింద పెట్టకముందే మా అబ్బాయి లెక్కల పుస్తకం తెచ్చేవాడు. మూడోసారి చెప్పినా అర్థం కాలేదంటే నాకు అరుపు వచ్చేసేది. అప్పుడు నేను చేసిందేమిటి? "ప్రభువా నాకు ఓర్పు ఇవ్వు, నేను అరవకూడదు, అరవకూడదు" అని లోపల బిగబట్టుకోవడం. రెండు రోజులు ఆగేది, మూడో రోజు రెండు రోజుల కోపం కలిపి బయటికి వచ్చేది, పిల్లవాడు పుస్తకం మూసేసి వాళ్ళమ్మ వెనక్కి పోయేవాడు. ఇప్పుడు చేసేది వేరు. కోపం లేస్తోందని తెలియగానే దాచను, ముందు ఒప్పుకుంటాను: "ఇదిగో ప్రభువా, కోపం వచ్చేసింది, దీన్ని నేను ఆపలేను." ఆ వెంటనే, "నువ్వు నాలో ఉన్నావు, వీడి మీద నీకు కోపం లేదు, నీ ఓర్పుతో వీడికి ఈ లెక్క చెప్పు" అంటాను. ఇక మూడోది, చాలామంది వదిలేసేది, లేచి ఆ పని చేయడం. నాకు ఓర్పు వచ్చినట్టు అనిపించేదాకా ఆగను, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని మొదటి మెట్టు నుంచి మళ్ళీ చెప్తాను. చెప్తుండగానే అది వస్తుంది. ప్రతిసారీ ఇలాగే జరుగుతోందని చెప్పను, కానీ ఇదివరకు ఎప్పుడూ జరగనిది ఇప్పుడు తరచుగా జరుగుతోంది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, వచ్చి తీరాలి. అంతా ఆయనే చేస్తే మనం చేతులు కట్టుకుని కూర్చోవాలా? పౌలు కూర్చోలేదు. మిగతా అపొస్తలులందరి కంటే ఎక్కువగా కష్టపడ్డానని చెప్పి, అదే వాక్యంలో, కష్టపడింది నేను కాదు, నాకు తోడైయున్న దేవుని కృపే అన్నాడు (1 కొరింథీ 15:10). రెండూ నిజమే. మీ కాళ్ళే నడుస్తాయి, మీ నోరే క్షమాపణ అడుగుతుంది, చెమట మీదే, బలం మాత్రం మీది కాదు. కృప అంటే ఎలా పడితే అలా ఉండొచ్చని లైసెన్స్ ఇచ్చినట్టు అని భయపడే పెద్దలు ఉన్నారు, వాళ్ళ భయం ఊరికే వచ్చింది కాదు, అలా వాడుకున్నవాళ్ళని నేనూ చూశాను. దానికి జవాబు కృపని తగ్గించి చెప్పడం కాదు. తీతు 2:11, 12 చదవండి, భక్తిహీనతని విడిచిపెట్టమని మనకి నేర్పేది కృపే అని ఉంది. తెల్లారి లేచి "ఎంతవరకు పాపం చేస్తే పర్వాలేదు" అని లెక్కలేసుకునేవాడు కృపని ఇంకా రుచి చూడలేదు.

యోహాను 15లో ప్రభువు తాను ద్రాక్షావల్లి, మనం తీగెలం అన్న మాట గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి ద్రాక్షతోట కొత్త కాదు. అనాబ్‌షాహి ద్రాక్షకి ఈ ఊరు పెట్టింది పేరు, శామీర్‌పేట, మేడ్చల్ వైపు ఒకప్పుడు పందిళ్ళు పందిళ్ళుగా తోటలుండేవి, ఇప్పుడు చాలాచోట్ల ప్లాట్లు, అపార్ట్‌మెంట్లు వచ్చేశాయి. ఎక్కడైనా తోట దొరికితే ఒకసారి వెళ్ళి చూడండి, ముఖ్యంగా కత్తిరింపు అయిన వారంలో. మన దగ్గర ద్రాక్షకి ఏడాదిలో రెండుసార్లు కత్తిరిస్తారు, ఎండాకాలంలో ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత పందిరి చూస్తే తోట పాడైపోయిందనే అనుకుంటాం, మొద్దులు తప్ప ఏమీ మిగలదు, కోసిన చోట్ల నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతుంటాయి. రైతు మాత్రం ఆ ఎండలో వచ్చే కొత్త కొమ్మలోనే రాబోయే గెల తయారవుతుందని ఎదురు చూస్తుంటాడు. "ఫలించు ప్రతి తీగె" మీదికే కత్తెర వస్తుందని ప్రభువు చెప్పాడు, ఎండిపోయిన తీగె గురించి చెప్పింది వేరు. ఉద్యోగం పోయినప్పుడు, సేవలో మీకున్న చోటు ఇంకొకరికి ఇచ్చినప్పుడు, నన్ను దేవుడు వదిలేశాడని అనుకునే ముందు ఆ పందిరి గుర్తు తెచ్చుకోండి. తీగెకి ప్రభువు చెప్పిన పని కూడా ఒక్కటే, నిలిచి ఉండటం. "నాకు వేరుగా ఉండి మీరేమియు చేయలేరు" అన్న మాట నాకు చాలాకాలం గద్దింపులా వినిపించేది, ఇప్పుడది నా భుజాల మీది బరువు దించే మాట.

బైబిల్ చదవడం మానమని చెప్పడం లేదు సుమా. చదివే తీరు మార్చమంటున్నాను. ఏడాది ప్లాన్ మధ్యలో ఆగిపోయి ఉంటే దాన్ని అలాగే వదిలేసి, ఒక నెల ఎఫెసీ పత్రికలోనే ఉండండి. మొదటి అధ్యాయంలో "క్రీస్తునందు", "ఆయనయందు" అన్న చోటల్లా గీత గీయండి, పేజీ నిండిపోతుంది. 3 నుంచి 14వ వచనం దాకా గ్రీకులో ఒకే వాక్యమట, పౌలు ఊపిరి తీసుకోకుండా చెప్పినట్టు ఉంటుంది. మొదటి మూడు అధ్యాయాలు దేవుడు చేసింది, నాలుగు నుంచి ఆరు దాకా మనం నడవాల్సింది. ఎవరికి కోపం అలవాటో, ఎవరికి అబద్ధం అలవాటో వాళ్ళు తిన్నగా నాలుగో అధ్యాయానికి వెళ్ళిపోకుండా, మొదటి మూడూ నిదానంగా, మళ్ళీ మళ్ళీ చదివి అప్పుడు వెళ్ళండి.

పడిపోయినప్పుడు ఏం చేయాలి? వెంటనే రండి. మనలో చాలామందికి తప్పు చేశాక ఒక రెండు రోజులు దూరంగా ఉండి, కొంచెం మంచిగా ప్రవర్తించి, కాస్త మొహం చెల్లాక ప్రార్థనకి కూర్చునే అలవాటు ఉంది. ఆ రెండు రోజులూ మనం మన ప్రాయశ్చిత్తం మనమే చేసుకుంటున్నాం. రోమా 8:1లో "శిక్షావిధి లేదు" అన్నది మీరు బాగున్న రోజులకి మాత్రమే కాదు. ఫోన్‌లో చూడకూడనిది చూసి, ఇంకా ఆ ఫోన్ చేతిలో ఉండగానే, అక్కడే, ఉన్నదున్నట్టు చెప్పండి. మనుషులకి చేసిన తప్పయితే వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. నేను మా అబ్బాయిని క్షమాపణ అడిగినప్పుడు మొదట నాకు గొంతు పెగల్లేదు. మళ్ళీ మళ్ళీ అదే గుంటలో పడుతుంటే ఒంటరిగా పోరాడొద్దు, క్రీస్తుతో ఏకమైనవాళ్ళందరూ ఒకే శరీరం కాబట్టి నమ్మకమైన ఒక్కరికి చెప్పండి, తాగుడులాంటి వ్యసనమైతే డాక్టర్ దగ్గరికి కూడా వెళ్ళండి, అలా వెళ్ళడం విశ్వాసం తక్కువై కాదు.

ప్రభువు బల్ల, అంటే ఆయన మరణాన్ని గుర్తుచేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే విషయం చివరికి ఉంచాను, ఎక్కువమంది తప్పు చేసేది అక్కడే. గోల్కొండ క్రాస్ రోడ్స్ దగ్గర హెబ్రోను సంఘంలో ప్రతి ఆదివారం బల్ల ఉంటుంది, చాలా సంఘాల్లో నెలకి ఒకసారి మొదటి ఆదివారం. ఎక్కడైనా సరే, ఆ రోజు రొట్టె పళ్ళెం దగ్గరికి వస్తుంటే తల దించుకుని పక్కవారికి అందించేసేవాళ్ళు కనబడతారు. ఈ నెల నేను సరిగ్గా లేను, నాకు అర్హత లేదు అని. నేను కూడా ఒకసారి వరుసగా మూడు నెలలు అలా అందించేశాను. మూడో నెల నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ, నాకు పేరు కూడా సరిగా తెలియదు, ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర ఆపి, "బాబూ, మొదటి కొరింథీ పత్రికలో పదకొండో అధ్యాయం ఇరవై ఎనిమిదో వచనం ఎంతవరకు చదివావు?" అని అడిగింది. పరీక్షించుకోవాలని ఉందమ్మా అన్నాను. "మిగతాది కూడా చదువు" అంది. అక్కడే ఫోన్ తీసి చూశాను. తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగు చేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను అని ఉంది. పరీక్షించుకుని మానేయమని లేదు, పరీక్షించుకుని తినమని ఉంది. ఆవిడ అప్పటికే ఆటో ఎక్కేసింది. తర్వాతి నెల పళ్ళెం వచ్చినప్పుడు చెయ్యి వణుకుతూనే ఉంది, ఆ నెల కూడా నేను గొప్పగా ఏమీ లేను, కానీ రొట్టె తీసుకుని తిన్నాను.