నడుస్తూ లెక్క చెప్పగలరా? ఇంట్లోనే చూసుకోండి

మా నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. సాయంత్రం డాబా మీద నడుస్తుంటే "నాన్నా, కరెంటు బిల్లు ఎంతొచ్చింది?" అన్నానంటే చాలు, ఠక్కున ఆగిపోతారు. జవాబు చెప్పాకే మళ్ళీ అడుగు. నేను ఫిజియోథెరపిస్టుని, ఆ ఆగడం నాకు నచ్చలేదు. స్వీడన్‌లో 58 మంది వృద్ధులను ఇలాగే నడుస్తుండగా మాట్లాడించి చూశారు, 1997లో అచ్చయింది. ఆగిపోయిన 12 మందిలో 10 మంది ఆరు నెలల్లో పడ్డారు.

చూడటం తేలికే. తడిలేని చదునైన నేల మీద పది మీటర్లు కొలిచి, రెండు చివర్లా సుద్దతో గీత గీయండి. పక్కన ఒక మనిషి ఉండాలి. ముందు మామూలుగా నడిపించి ఫోన్లో టైమ్ పెట్టండి. తర్వాత కూర్చోబెట్టి వందలోంచి ఏడేసి తీసేయమనండి: 93, 86, 79... చివరికి రెండూ కలిపి, ఈసారి 98 నుంచి. అదే అంకె అయితే బట్టీ చెప్పేస్తారు. ఏడు కష్టమైతే మూడు, లెక్కలే రాకపోతే కూరగాయల పేర్లు.

నాన్నకు విడిగా 10 సెకన్లు, లెక్కతో 14. లెక్క ఒక్కటీ తప్పలేదు. మాస్టారి పరువు కదా! బుర్రంతా లెక్కకిచ్చి కాళ్ళను గాలికొదిలేశారు.

అమ్మకు విడిగానే 13, లెక్కతో 14. చూడ్డానికి అమ్మే నయం అనిపిస్తుంది. కానీ కూర్చుని సరిగ్గా చెప్పిన మనిషి, నడుస్తూ రెండో అంకెకే "ఏదోలే అమ్మాయ్" అనేసింది. మోకాళ్ళ నొప్పి, తొడల్లో బలం లేదు. ప్రతి అడుగూ చూసుకుని వేసేవాళ్ళకు లెక్కకు ధ్యాస ఎక్కడ మిగులుతుంది? అందుకే టైమ్‌తో పాటు తప్పులూ రాసుకోండి.

కాబట్టి అమ్మకు ముందు కాళ్ళ పని. గోడకు ఆనించిన కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచాను, చేతులు ఆనించకుండా ఐదుసార్లు లేచి కూర్చుంటుంది. వంటగది గట్టు పట్టుకుని మడమలు ఎత్తుతుంది. నాన్నకు కాళ్ళు బాగానే ఉన్నాయి, కావలసింది అలవాటు. వారానికి మూడు రోజులు, పది నిమిషాలు నడుస్తూ విజయవాడ నుంచి తెనాలి దాకా స్టేషన్ల పేర్లు చెప్పాలి. షరతు ఒకటే: పేరు తప్పినా పర్లేదు, అడుగు ఆగకూడదు.

ఇదంతా డాబా మీదే. రోడ్డు మీద ఫోన్ వస్తే పక్కకు వెళ్ళి ఆగడమే మంచిది. ఈమధ్య పడినవాళ్ళు, ఉన్నట్టుండి నడకో మాటో తేడా వచ్చినవాళ్ళు ఈ పరీక్షలు మాని ముందు డాక్టర్ దగ్గరకు వెళ్ళండి.

నిన్న నాన్న దుగ్గిరాల దాటాక కొలకలూరు మర్చిపోయి నేరుగా తెనాలి చేరిపోయారు. "ఎక్స్‌ప్రెస్ ఎక్కానమ్మా" అన్నారు, నడుస్తూనే.