ప్రహరీ వెంట ఏళ్ల తరబడి పూసే మొక్కల్ని ఎంచుకోవడం ఎలా?

డిసెంబరులో నర్సరీకి వెళ్తే అన్నీ ముచ్చటగానే కనిపిస్తాయి. బంతి, చామంతి, పెటూనియా విరగబూసి ఉంటాయి. తెచ్చి గోడ వెంట నాటితే సంక్రాంతికి వాకిలి కళకళలాడుతుంది, ఎండలు ముదిరేసరికి పుల్లలు మిగులుతాయి. ఏళ్ల తరబడి ఉండాల్సిన మొక్కను ఎంచుకోవాల్సింది మే నెలలో. రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో ఓ సాయంత్రం మీ వీధి చివరిదాకా నడవండి. ఎవరూ పెద్దగా పట్టించుకోని గోడల పక్కన కూడా ఏవి పూస్తున్నాయో రాసుకోండి. మీ నేలను, మీ ఎండను తట్టుకునే మొక్కలు అవే.

తర్వాత మీ గోడ దగ్గర ఎండ ఎప్పుడు పడుతుందో చూడండి. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా మాడ్చే చోట కాగితం పూలు, గన్నేరు, బిళ్ళగన్నేరు నిలబడతాయి. పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోట నందివర్ధనం, కనకాంబరం హాయిగా ఉంటాయి.

ఇక నేల. చాలామంది మొక్కలు పోగొట్టుకునేది ఇక్కడే. అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపండి. ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి పోసిన నీళ్లు పూట గడిచినా అలాగే ఉంటే, ఎర్రమట్టి, ఇసుక కలిపి జానెడు ఎత్తున గట్టు పోసి దాని మీద నాటాలి. బిళ్ళగన్నేరు ఎండకు చావదు, నీళ్లు నిలిస్తే వేరు కుళ్లి పోతుంది. నూరువరహాల సంగతి వేరు. నేలలో, బోరు నీళ్లలో సున్నం ఎక్కువైతే దానికి ఇనుము అందక ఈనెలు మాత్రం పచ్చగా ఉండి ఆకంతా పసుపెక్కుతుంది. అలాంటి ఇళ్లకు నేనైతే నందివర్ధనమే చెబుతాను. పొద్దున్నే పూజకు గుప్పెడు తెల్లటి పూలు దొరుకుతాయి.

గోడ వైపు పొడవైనవి, బాట వైపు పొట్టివి రావాలి. గోడకు రెండడుగులు వదిలి, నాలుగేసి అడుగుల ఎడంతో మందారం, నందివర్ధనం. వాటి ముందు రెండేసి అడుగుల దూరంలో నూరువరహాలు, డిసెంబరాలు. అంచున అడుగుకొకటి చొప్పున కనకాంబరం, బిళ్ళగన్నేరు, మధ్య మధ్య రెయిన్ లిల్లీ దుంపలు. డిసెంబరాలు చలికి, లిల్లీలు వానకు పూస్తాయి కాబట్టి వరుస ఎప్పుడూ బోసిపోదు. మందారానికి పిండినల్లి పడుతుంది, ఆకుల అడుగున చూస్తుండాలి. గన్నేరు ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. పసిపిల్లలు, పశువులు తిరిగే ఇంట్లో దాన్ని పెట్టొద్దు.

కొనేటప్పుడు పూలు లెక్కపెట్టకండి. కింది నుంచే కొమ్మలు వేసిన మొక్కను తీసుకోండి. సంచి అడుగున వేళ్లు చుట్టలు చుట్టుకుపోయి ఉంటే వదిలేయండి.

నాటడం తొలకరి తర్వాతే. పెద్ద మొక్కలకు అడుగున్నర గుంత తీసి, మట్టిలో మూడో వంతు మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలపండి. మొదటి వేసవి ఒక్కటీ కనిపెట్టుకుని ఉండాలి: మొదళ్ల చుట్టూ ఎండుటాకులు పరిచి, రోజూ చిలకరించే బదులు రెండు మూడు రోజులకోసారి వేళ్ల దాకా తడపండి. కాగితం పూలకు మాత్రం నాటుకున్నాక నీళ్లు తగ్గించి, పూత అయిపోగానే కొమ్మలు కత్తిరించండి. కొత్త చిగుళ్ల మీదే మళ్లీ పూస్తుంది.