బత్తాయి తోటలో 48 గంటలు: క్లబ్బుగా హ్యామ్ రేడియో కాంటెస్ట్ ఎలా ఆడాలి?

హ్యామ్ రేడియో అంటే లైసెన్సు తీసుకుని సరదాగా నడిపే సొంత రేడియో స్టేషన్. దాని కాంటెస్ట్ అంటే పెట్టిన గడువులో వీలైనన్ని దేశాల స్టేషన్లను పలకరించడం, వాళ్ల కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు), వాళ్లు చెప్పే నంబరు తప్పు లేకుండా రాసుకోవడం. ఇంట్లో కూర్చుని ఒక్కరే కూడా ఆడొచ్చు. కానీ నల్లగొండలో ఇళ్ల మధ్య రిగ్ (రేడియో సెట్టు) ఆన్ చేస్తే ముందు వినపడేది పక్కింటి ఎల్‌ఈడీ బల్బు, ఎదురింటి ఇన్వర్టర్. ఆ రొదలో బ్రెజిల్ నుంచి వచ్చే సన్నటి గొంతు ఎక్కడ దొరుకుతుంది? అందుకే మా క్లబ్బు వాళ్లం సామాను సర్దుకుని దేవరకొండ రోడ్డు మీద తోటలకు పోతుంటాం.

ఏ కాంటెస్ట్?

అందరికీ తెలిసిన పేరు అమెరికా వాళ్ల ఫీల్డ్ డే. జూన్ నాలుగో వారాంతంలో జరుగుతుంది. మనం వాళ్లకు జవాబివ్వొచ్చు గానీ మన లాగ్ (మాట్లాడిన స్టేషన్ల చిట్టా) పోటీలో లెక్కకు రాదు. జులై రెండో వారాంతంలో ఐఏఆర్‌యూ (అంతర్జాతీయ హ్యామ్ సంఘాల సమాఖ్య) ఛాంపియన్‌షిప్ ఉంది, 24 గంటలే. కానీ అప్పుడు వానలు, పొలం పనులు. తోట ఇచ్చే రైతుకే తీరిక ఉండదు. నా ఓటు అక్టోబరు చివరి వారాంతంలో జరిగే సీక్యూ వరల్డ్ వైడ్ ఎస్‌ఎస్‌బీకి (ఎస్‌ఎస్‌బీ అంటే మైకులో గొంతుతో మాట్లాడే పద్ధతి). మన టైమ్ ప్రకారం శనివారం ఉదయం 5:30కి మొదలై సోమవారం తెల్లవారి 5:29కి ముగుస్తుంది. సోమవారం డ్యూటీ ఉన్నవాళ్లు ముందే సెలవు పెట్టుకోవాలి.

కొత్త క్లబ్బుకు ఒకటే రేడియో, 100 వాట్ల పవర్, ఎక్కువమంది ఆపరేటర్లు ఉండే విభాగం చాలు. యాంటెనాలు, రేడియోలు అన్నీ 500 మీటర్ల వ్యాసం ఉన్న వృత్తంలోనే ఉండాలి. గంటలో ఎన్నిసార్లు బ్యాండ్ (ఫ్రీక్వెన్సీల పట్టీ) మార్చొచ్చన్నది ఆ ఏడాది నిబంధనల్లో చదివి, ప్రింట్ తీసి టెంటులో అతికించండి.

కాగితాలు

మైకు పట్టేవాళ్లందరికీ ఆపరేటర్ లైసెన్సు ఉండాలి. మన దేశంలో దాన్ని ఇచ్చేది కమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ విభాగం, డబ్ల్యూపీసీ. పన్నెండేళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ అక్కర్లేదు, కాకపోతే పవర్ పరిమితి తక్కువ. క్లబ్ లైసెన్సులో ఉన్న చిరునామా వదిలి తోట నుంచి మాట్లాడాలంటే దానికి కావాల్సిన అనుమతి సంగతి నెలల ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. లైసెన్సు లేని పిల్లలను కూడా తీసుకురండి. లాగ్ టైప్ చేయడంలో వాళ్లను మించినవాళ్లు లేరు.

సర్పంచికి, పోలీస్ స్టేషన్‌కు ఒక మాట చెప్పి, లైసెన్సు జిరాక్సులు జేబులో ఉంచుకోండి. అర్ధరాత్రి చెట్టుకు తీగలు కట్టి ఇంగ్లీషులో అరుస్తున్న గుంపును చూస్తే ఎవరికైనా అనుమానమే. "అన్నా, సెల్ టవర్ పెడుతున్నరా?" అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది.

జాగా చూడటం

గుట్ట ఎక్కితే సిగ్నల్ బాగా పోతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. దగ్గరి దూరాలకు వాడే వీహెచ్‌ఎఫ్‌కు అది నిజమే. ఈ కాంటెస్ట్ జరిగే షార్ట్‌వేవ్‌కు మాత్రం ఎత్తు కంటే నిశ్శబ్దం ముఖ్యం. అదీగాక దేవరకొండ, కోయిలకొండ లాంటి కోటలు, అమ్రాబాద్ అడవి అంటే మళ్లీ వేరే అనుమతులు.

మొదటి ఏడాది మేము ఒక తోట చూసి మురిసిపోయాం. రేడియో పెడితే సూది పడినా వినపడేంత నిశ్శబ్దం. కాంటెస్ట్ రోజు పొద్దున అదే చోట మీటర్ ముల్లు సగం దాటి కిందికి దిగలేదు. సంగతేమిటంటే, మేము చూడబోయిన రోజు ఆ లైనులో కరెంటు లేదు! జాగా ఎప్పుడూ కరెంటు ఉన్నప్పుడే, బోరు మోటార్లు నడిచే వేళలోనే చూడాలి. చిన్న ట్రాన్సిస్టర్ రేడియో ముల్లును స్టేషన్ లేని చోట పెట్టి, దాన్ని పట్టుకుని పొలం అంతా నడవండి. గర్రుమనే చప్పుడు ఎటు పెరిగితే అటు ట్రాన్స్‌ఫార్మరో, స్టార్టర్ డబ్బానో, సోలార్ కంచె మిషనో ఉంటుంది. పగలొకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి నడవాలి. 11 కేవీ లైనుకు మీ యాంటెనా కర్ర ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో ఉండాలి. ఇందులో బేరం లేదు.

తీగలు

డైపోల్ (నడుమ కేబుల్ కలిపి అటు ఇటు లాగే తీగ యాంటెనా) కొలత సులువు: 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 14.2కు (20 మీటర్ల బ్యాండు) సుమారు 10 మీటర్లు, అంటే అటు 5, ఇటు 5. 7.1కు (40 మీటర్ల బ్యాండు) అటు 10, ఇటు 10. ఈ 40 మీటర్ల బ్యాండు తీగే 15 మీటర్ల బ్యాండులోనూ పనిచేస్తుంది, ఎందుకంటే 7.1కి మూడు రెట్లు 21.3. అదే కేబుల్‌కు 20కి ఒక జత, 10కి ఒక జత (అటు ఇటు రెండున్నర మీటర్లు) కలిపితే నాలుగు బ్యాండ్లకు ఒకే యాంటెనా. జానెడు ఎక్కువ ఉంచి కత్తిరించండి, ఎస్‌డబ్ల్యూఆర్ (రిగ్‌కు, యాంటెనాకు ఎంత పొత్తు కుదిరిందో చెప్పే కొలత) చూసుకుంటూ తగ్గించుకోవచ్చు. తగ్గాక అతకడం కష్టం.

తీగను ఈశాన్యం నుంచి నైరుతికి లాగితే వాయవ్యంలో ఉన్న యూరప్ వైపు బలం పెరుగుతుంది. (మా క్లబ్బులో ఒకాయన దీన్ని రేడియో వాస్తు అంటాడు.) నడిమధ్యన ఎత్తుగా, చివరలు కిందికి వాలేలా కడితే మిగతా దిక్కులు కూడా పూర్తిగా పోవు. చివరలు మాత్రం మనిషి చేతికి అందనంత పైన ఉండాలి, అక్కడ ఓల్టేజీ ఎక్కువ.

మరి ఎత్తు ఎలా? వేప చెట్టయితే జొన్నచేలో పిట్టలు కొట్టే వడిసెల తీసుకుని, రాయికి సన్న దారం కట్టి కొమ్మ మీదుగా విసరండి. దారంతో తాడు, తాడుతో యాంటెనా పైకి పోతాయి. తాటిచెట్టయితే ఇంకా మంచిది. ఊళ్లో గీత పని చేసే గౌడన్నను అడిగితే పైన చిన్న కప్పీ కట్టి దిగుతాడు. ఆ చెట్టు ఎవరి వంతులో ఉందో కనుక్కున్నాకే అడగండి. తాటిచెట్టు మీద పిడుగు పడటం మన దగ్గర కొత్తేం కాదు. ఉరుము వినపడిందంటే కేబుల్ ఊడదీసి టెంటు బయట పడేయాలి, స్కోరు ఎంత రంజుగా ఉన్నా సరే.

కరెంటు

జనరేటర్ చప్పుడుకు మేము దూరం. 100 వాట్ల రిగ్ వినేటప్పుడు ఒకటిన్నర ఆంపియర్, గట్టిగా మాట్లాడేటప్పుడు 20 దాకా లాగుతుంది. సగటున 6 అనుకోండి. 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో సగమే వాడాలి కాబట్టి ఒక్కోటి 12 గంటలు వస్తుంది. రెండు పెట్టుకుని, ఖాళీ అయినదాన్ని ఊళ్లో రైతు ఇంట్లో ఛార్జింగ్ పెట్టండి. ఛార్జర్‌ను తోటలోకి తెస్తే మళ్లీ రొద. 11.7 ఓల్టుల కిందికి పడితే చాలా రిగ్గులు మొరాయిస్తాయి. బ్యాటరీ పక్కనే ఫ్యూజు తప్పనిసరి.

మైకు ముందు

ఇద్దరిద్దరు, రెండు గంటల షిఫ్టు. ఒకరు మాట్లాడాలి, ఒకరు రెండో హెడ్‌ఫోన్‌తో వింటూ లాప్‌టాప్‌లో లాగ్ చేయాలి. ఎన్1ఎంఎం ఉచిత సాఫ్ట్‌వేర్, అది సరిపోతుంది. మనం ఇచ్చే నంబరు ఎప్పుడూ ఒకటే: "ఫైవ్ నైన్ ట్వంటీ టూ". ఫైవ్ నైన్ అంటే సిగ్నల్ బాగుందని, ఇక కాంటెస్ట్ కోసం ప్రపంచాన్ని విడగొట్టిన జోన్లలో మన దేశం 22లో ఉంది. అంతకు మించి ముచ్చట్లు వద్దు, థాంక్యూ చెప్పి ముందుకు పోండి. కాల్‌సైన్‌లో ఒక్క అక్షరం అనుమానం వచ్చినా మళ్లీ అడగండి. తప్పు రాస్తే ఆ కాంటాక్టు పోవడమే కాదు, మైనస్ పాయింట్లు కూడా పడతాయి.

పాయింట్ల లెక్క తెలిస్తే ఎటు తిరగాలో తెలుస్తుంది. ఇతర ఖండాల వాళ్లకు 3, ఆసియా వాళ్లకు 1, మనవాళ్లకు 0. అయినా ప్రతి బ్యాండులో ఒక్కసారి భారత స్టేషన్‌ను పట్టుకోవాలి, మల్టిప్లయర్ (మొత్తం పాయింట్లను గుణించే దేశాల, జోన్ల లెక్క) కోసం. పొద్దున 15, 10 మీటర్లలో జపాన్ పుష్కలంగా దొరుకుతుంది, ఒక్కో పాయింటే అయినా కొత్తవాళ్ల చేయి తిరగడానికి అదే మంచి వేళ. మధ్యాహ్నం దాటాక యూరప్ తెరుచుకుంటుంది. అప్పటికి మీలో గట్టి ఆపరేటర్ నిద్ర లేచి ఉండాలి. సాయంత్రం 20, రాత్రికి 40. 40లో మనకు 7000 నుంచి 7200 కిలోహెర్ట్జ్ వరకే. అమెరికా వాళ్లు ఆపైన పిలిచినా వెళ్లకూడదు.

రాత్రి రెండు తర్వాత ఎవరూ మైకు దగ్గరికి రారు. అప్పుడు పనిచేసేది సర్వపిండి, ఫ్లాస్కులో చాయ్. టెంటు నుంచి బయటికి అడుగు పెట్టేముందు టార్చి వేసి చూడండి, అక్టోబరులో పాములు తిరుగుతాయి.

ముగిశాక

లాగ్‌ను క్యాబ్రిల్లో (కాంటెస్ట్ లాగ్‌ల ఫార్మాట్) ఫైలుగా 5 రోజుల్లోపు పంపాలి. పంపేముందు టైమ్ యూటీసీలో (అంతర్జాతీయ సమయంలో) ఉందో లేదో చూడండి. లాప్‌టాప్ టైమ్ జోన్ తప్పుగా ఉంటే ప్రతి వరుసా ఐదున్నర గంటలు జరిగి కూర్చుంటుంది. యాంటెనా దించడానికి గౌడన్న మళ్లీ కావాలి. సోమవారం పొద్దున ఆయన కల్లు దించే వేళ, ఆ పని అయ్యేదాకా తాడు ముట్టుకోకుండా ఆగండి.