పట్టుబడి లేని చెరువు: పెద్ద చేపల రిసార్టు నడపాలంటే

మా ఊరు కైకలూరు దగ్గర, కొల్లేటి అంచున. మా నాన్నగారు బొచ్చె, శీలావతి పెంచేవారు. చేప రెండు కిలోలకు అటూ ఇటూ రాగానే పట్టుబడి, ఐసు, లారీ, హౌరా ప్రయాణం. నేను పదకొండేళ్లుగా దక్షిణ థాయిలాండ్‌లో, క్రాబీ ప్రాంతంలోని ఒక రిసార్టులో చెరువుల బాధ్యత చూస్తున్నాను. ఇక్కడ చేప వంద కిలోలు దాటినా పట్టుబడి ఉండదు. ఐరోపా నుంచి వచ్చిన అతిథి గాలం వేసి పడతాడు, పక్కన నిలబడి ఫోటో తీయించుకుంటాడు, వదిలేస్తాడు. అదే చేపను మరో నెలలో ఇంకొకరు పడతారు. ఇలాంటిది మేమూ పెట్టవచ్చా అని మన ప్రాంతం రైతులు తరచుగా ఫోను చేస్తుంటారు. వాళ్లకు విడివిడిగా చెప్పేదంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు చేపల సంగతి. అతిథులు వేల కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చేది ముఖ్యంగా మూడింటి కోసం. మొదటిది అమెజాన్ నది చేప అరపైమా. థాయి వాళ్లు దాన్ని ప్లా చోన్ అమెజాన్ అంటారు, అంటే అమెజాన్ కొరమీను. తలా ఒళ్లూ చూస్తే ఆ పేరు సరిగ్గానే పెట్టారనిపిస్తుంది కానీ కొరమీనుకూ దానికీ చుట్టరికం లేదు. రెండోది మెకాంగ్ నదిలో పుట్టిన ప్లా బుక్, అంటే మీసాలున్న పెద్ద క్యాట్‌ఫిష్. ఇది మనం పెంచే పంగాసియస్‌కు సొంత అన్నలాంటిది, ఒకే ప్రజాతి. 2005లో ఉత్తర థాయిలాండ్‌లో జాలర్లకు దొరికిన ప్లా బుక్ 293 కిలోలు తూగింది. మూడోది ప్లా క్రహో, బొచ్చె, శీలావతి ఉన్న గండుచేపల కుటుంబం మొత్తంలో ప్రపంచంలోకెల్లా పెద్దది. దాన్ని మొదటిసారి చూసిన రోజు నాకు మా బొచ్చె గుర్తుకొచ్చింది. అదే పెద్ద తల, అదే వెడల్పు నోరు. దాని శాస్త్రీయ నామం క్యాట్లోకార్పియో. బొచ్చెకున్న కట్ల అనే పేరు అందులోనే ఉంది.

ప్లా బుక్, క్రహో రెండూ నదుల్లో దాదాపు అంతరించే దశకు చేరాయి. అందువల్ల హేచరీలో పుట్టిన చేపలే, కాగితాలతో సహా కొనాలి. ప్లా బుక్‌కు కృత్రిమంగా పిల్లలు చేయించడంలో థాయి మత్స్యశాఖ 1983లోనే విజయం సాధించింది కాబట్టి పెంపకపు చేప దొరుకుతుంది. నదిలో పట్టిన పెద్ద చేపను తక్కువ ధరకు ఇస్తానని ఎవరైనా వస్తే గేటు దగ్గర నుంచే పంపించివేయండి. అది చట్టవిరుద్ధం, ఆపైన వలలో నలిగిన చేప ఎక్కువ రోజులు బతకదు. నా సలహా, పది పదిహేను కిలోల చేపలు కొని మీ నీళ్లలోనే పెంచండి. అరపైమా మంచి మేత పడితే మొదటి ఏడాదిలోనే పది కిలోలకు వస్తుంది. తొందరపడి వంద కిలోల చేపను లారీలో తెప్పిస్తే ప్రయాణంలో సగం ప్రాణం పోతుంది.

ఇక చెరువు. చేపల చెరువు గురించి నాకు అంతా తెలుసనుకుని వచ్చి నేను దెబ్బతిన్నది ఇక్కడే. మన దగ్గర పట్టుబడి అయ్యాక చెరువు ఎండబెడతాం, బురద తీస్తాం, సున్నం చల్లుతాం, మళ్లీ నీళ్లు పెడతాం. ఏ పాపమైనా ఆ ఎండలో కడిగేసుకోవచ్చు. రిసార్టు చెరువును ఎప్పటికీ ఎండబెట్టలేరు. వందల కిలోల చేపల మలం, తినకుండా వదిలిన మేత, రాలిన ఆకులు ఏళ్ల తరబడి అడుగునే పేరుకుంటాయి. అక్కడ ప్రాణవాయువు ఉండదు. ఎండాకాలంలో పైనీళ్లు వేడిగా, అడుగునీళ్లు చల్లగా రెండు పొరలుగా విడిపోతాయి. ఒక రాత్రి భారీ వాన పడితే చల్లని వాననీళ్లు కిందికి దిగుతాయి, అడుగున కుళ్లిన నీళ్లు పైకి వస్తాయి.

నేను వచ్చిన మొదటి ఏడాది అక్టోబరులో అదే జరిగింది. రాత్రంతా వాన. తెల్లవారుజామున గొడుగు పట్టుకుని గట్టు మీదికి వెళ్లాను. అరపైమాలు ఎప్పటిలాగే పైకి వచ్చి గాలి పీల్చి మునుగుతున్నాయి. చెరువు బాగానే ఉందనుకుని టీ తాగడానికి వెళ్లాను. ఏడు గంటలకు మూడు క్రహోలు వెల్లకిలా తేలాయి. అరపైమా నీళ్లలోని ప్రాణవాయువు మీద ఆధారపడదు. పది నుంచి ఇరవై నిమిషాలకు ఒకసారి పైకి వచ్చి గాలినే పీలుస్తుంది. నీళ్లు పాడైనా అది హాయిగానే కనిపిస్తుంది. అందుకే అరపైమా ఉన్న చెరువులో అరపైమాను చూసి నీళ్లను అంచనా వేయకండి, క్రహోను చూడండి. క్రహో నీటిమట్టం దగ్గర నోరు తెరుచుకుని నిలబడిందంటే మీకు మిగిలింది నిమిషాలే.

ఆ తర్వాత నేను పెట్టుకున్న పద్ధతి ఇది. చెరువు తవ్వేటప్పుడే అడుగంతా ఒక మూలకు వాలేలా చేసి అక్కడ లోతైన గుంట పెట్టించాలి. బురద దానంతటదే ఆ గుంటలోకి జారుతుంది. నెలకోసారి బురద పంపుతో తోడేస్తాం. క్రాబీ చుట్టూ పామాయిల్ తోటలే కాబట్టి ఆ బురద కోసం పక్క రైతులు ట్యాంకులతో వస్తారు. పెద్ద చెరువు పక్కనే నీళ్లు నిలవ ఉంచే చిన్న చెరువు తప్పనిసరి. నది నీళ్లు నేరుగా పెట్టకూడదు. నీళ్లను చిలికి గాలి కలిపే ప్యాడిల్ వీల్ ఏరియేటర్లు మన రొయ్యల చెరువుల్లో వాడేవే. చీకటి పడగానే వేసి, ఎండ బాగా వచ్చాక ఆపుతాం. జనరేటరును వారానికోసారి ఏరియేటర్లన్నీ తగిలించి నడిపి చూడాలి, ఊరికే స్టార్టు చేసి ఆపేస్తే పరీక్ష కాదు. ప్రాణవాయువును తెల్లవారుజామున నాలుగింటికి కొలవాలి. పగలు మూడింటికి కొలిచిన అంకె ఎంత బాగున్నా దానివల్ల ఉపయోగం లేదు. లీటరుకు మూడు మిల్లీగ్రాముల కిందికి పోతే ఆ రోజు మేత బందు, గాలం కూడా బందు. అతిథి ఎంత డబ్బు కట్టి వచ్చినా సరే.

రిసార్టులో అందరికంటే ఎక్కువ ఆలోచించి పెట్టుకోవలసిన ఉద్యోగి రాత్రి కాపలాదారు. వంటవాడు లేకపోతే ఒక పూట బయటి నుంచి తెప్పించవచ్చు. కరెంటు పోయిన రాత్రి కాపలాదారు నిద్రపోతే ఏరియేటర్లు ఆగి ఇరవై ఏళ్ల చేప పోతుంది.

మేత విషయంలో మనవాళ్ల చిల్లుల సంచి పద్ధతి ఇక్కడ పనికిరాదు. కర్రకు సంచి కడితే చేపలన్నీ ఆ కర్ర దగ్గరే కాపురం పెడతాయి, అవతలి గట్టున కూర్చున్న అతిథికి ఏమీ దొరకదు. చేతితో, రోజుకో చోట చల్లాలి. ఇంకో లెక్క చాలామంది మరచిపోతారు: అతిథులు వేసే ఎర కూడా మేతే. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు గదులు నిండి ఉన్నప్పుడు క్రహో కోసం కొబ్బరిపాలలో కలిపిన తవుడు ముద్దలు, ప్లా బుక్ కోసం బ్రెడ్డు, అరపైమా కోసం చచ్చిన చేపలు రోజంతా నీళ్లలో పడుతుంటాయి. ఒక్కొక్కరికి పొద్దున్నే కొలిచి ఒక బకెట్టు ఇస్తాం, అయిపోతే అయిపోయినట్టే. ఎర చేపను వాసన చూడకుండా ఇవ్వకండి. నూనె కంపు కొట్టే చేప పెద్ద చేపకు నెమ్మదిగా పనిచేసే విషం. కొన్ని చోట్ల చేపలు గాలానికి బాగా పడాలని కావాలని పస్తులుంచుతారు. అది నేను ఎన్నటికీ చేయను, చేసే చోట పనికి కూడా ఉండను. ఆకలితో ఉన్న చేప ఎరను లోతుగా మింగుతుంది, గాలం పేగుల దాకా పోతుంది.

ఇప్పుడు అసలు ఘట్టం, చేప గాలానికి పడ్డాక. మా దగ్గర గాలాలన్నింటికీ కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ఎదురుముల్లు నొక్కేసి ఉంటుంది. మూడు కొనల గాలం గేటు దాటి లోపలికి రాదు. దారం మేమే ఇస్తాం, లావుది. కొందరు అతిథులు సన్నని దారంతో పెద్ద చేపను గంటల తరబడి అలిసిపోయేలా చేసి పట్టడం గొప్ప అనుకుంటారు. ఆ గంటల్లో చేప కండరాల్లో చేరిన ఆమ్లం రేపో ఎల్లుండో దాన్ని చంపుతుంది, అప్పటికి ఆ అతిథి విమానం ఎక్కి ఉంటాడు. కాబట్టి లావు దారం, గట్టి రీలు, తక్కువ పోరాటం. ఏప్రిల్‌లో నీళ్లు బాగా వేడెక్కినప్పుడు పదకొండు నుంచి నాలుగు దాకా ఎవరూ గాలం వేయకూడదని గది తాళంతోపాటే కాగితం ఇస్తాం.

అరపైమాను ఎట్టి పరిస్థితిలోనూ నీళ్లలోంచి పైకి ఎత్తకూడదు. దాని లోపలి అవయవాలు సొంత బరువుకే నలుగుతాయి. గైడు గట్టు పక్కన నీళ్లలోకి వల తొట్టి దించి చేపను అందులోకి నడిపిస్తాడు, అతిథి నడుములోతు నీళ్లలో దిగి పక్కన నిలబడి ఫోటో తీయించుకుంటాడు. లాగేటప్పుడు మధ్యలో అది గాలి పీల్చడానికి పైకి వస్తుంది. ఆ క్షణంలో దారం వదులు చేయాలి, లేకపోతే చేప నీళ్లలోనే ఊపిరాడక చనిపోతుంది. వదిలేశాక కూడా పని అయిపోలేదు. అది తనంతట తాను పైకి వచ్చి ఒకసారి గాలి పీల్చే వరకు గైడు అక్కడే నిలబడాలి. మా దగ్గర నియమం ఇంకొంచెం గట్టిది: రెండోసారి పీల్చేదాకా. అరగంట పట్టినా కదలకూడదు.

దాని తలకు ఎదురుగా ఎవరినీ నిలబెట్టకండి. తల మొత్తం ఎముక, ఒంట్లో బలమంతా తోకలో ఉంటుంది. మా గైడు ఒకాయనకు చేప ఎగిరి తగిలి పక్కటెముక విరిగింది, రెండు నెలలు పనికి రాలేకపోయాడు. గైడుల బీమా మొదటి రోజు నుంచే కట్టండి.

క్రహోకు వేరే జాగ్రత్త. దాని పొలుసు ఒక్కొక్కటి నా అరచేతిలో సగం ఉంటుంది. ఒక్క పొలుసు ఊడినా ఆ చోట పుండు పడి బూజు పట్టవచ్చు. కింద తడిపిన పరుపు, తడి చేతులు, ఉంగరాలూ గడియారాలూ తీసేయడం, ఇవి లేకుండా దాన్ని ముట్టనివ్వను.

గదుల గురించి పెద్దగా చెప్పను. శుభ్రంగా, చెరువు కనిపించేలా ఉంటే చాలు. భోజనం గట్టు దగ్గరికే పంపండి, గాలం వేసి కూర్చున్న మనిషి డైనింగ్ హాలుకు రాడు. ఉరుము వినిపించగానే అందరూ రాడ్లు కింద పెట్టి లోపలికి రావాలి. కార్బన్ రాడ్డు పిడుగును పిలుస్తుంది. ఇంత బరువు చేప తప్పక పడుతుందని ఎవరికీ మాట ఇవ్వకండి.

చట్టం. థాయిలాండ్‌లో విదేశీయుడు సాధారణంగా భూమి కొనలేడు, కౌలుకు తీసుకుంటే గరిష్ఠంగా ముప్పై ఏళ్లకు రిజిస్టరు చేయవచ్చు. ఇలాంటి వ్యాపారంలో కంపెనీ వాటాల్లో సగానికి పైగా థాయి వాళ్ల చేతిలో ఉండాలి. పేరుకు మాత్రమే ఎవరినో భాగస్వామిగా చూపించే దారిలోకి పోవద్దు, అది నేరం. పని అనుమతి లేకుండా మీరు చెరువులో మేత చల్లినా తప్పే. మంచి లాయరుకు పెట్టే డబ్బు దగ్గర బేరం వద్దు. ఇక్కడి పనివాళ్ల ఆచారాలు కూడా తెలుసుకోండి. చాలా ఇళ్ల ముందు చిన్న గుడిలాంటి భూమిదేవత గూడు ఉంటుంది. కొత్త చెరువులో నీళ్లు పెట్టేముందు మావాళ్లు అక్కడ పూలు, పళ్లు పెడతారు, నేనూ పెడతాను, మా అమ్మ చెరువు గట్టు మీద కొబ్బరికాయ కొట్టినట్టే. ఏప్రిల్ నడిమధ్యన సోంగ్‌క్రాన్ పండగకు అందరూ ఊళ్లకు పోతారు. ఆ వారం సగం గదులే ఇవ్వండి.

ఇదే రిసార్టు కొల్లేటి దగ్గర పెట్టవచ్చా అని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే: ఈ చేపలతో వద్దు. 2018 వరదల తర్వాత కేరళలో చాలకుడి నదిలో అరపైమాలు జాలర్ల వలల్లో పడ్డాయి. ఎవరి చెరువులోంచో గట్టు దాటి వచ్చినవే. మన కృష్ణలో దెయ్యం చేప, అంటే బయటి దేశం నుంచి వచ్చి చేరిన సకర్ చేప, ఎలా పెరిగిందో జాలర్లను అడగండి. కొల్లేరు పొంగితే గట్లు ఎక్కడున్నాయో కూడా తెలియని ప్రాంతం మనది. అక్కడ ఇతర చేపల్ని వేటాడే ఇంత పెద్ద చేప ఒకటి తప్పించుకుంటే దాని నష్టం మీ పొరుగు రైతు మోస్తాడు. మన బొచ్చెను పదేళ్లు పట్టుబడి చేయకుండా పెంచి, పట్టి వదిలే చెరువు ఒకటి పెట్టండి. దానికైతే నేను సెలవు పెట్టి వచ్చి గుంట ఎక్కడ తవ్వాలో చూపిస్తాను. ఇక్కడ క్రాబీలో కూడా మా గట్టు పాత వరద గుర్తు కంటే మీటరు ఎత్తు ఉంటుంది, తూముకు రెండు వరసల జాలీ ఉంటుంది.

చివరగా పుస్తకం. ప్రతి చేప ఒంట్లో బియ్యపుగింజంత చిప్పు పెట్టి, పట్టిన ప్రతిసారీ తేదీ, బరువు, ఎంతసేపు లాగారు, నోట్లో గాయం ఏదైనా ఉందా, అన్నీ ఆ చేప పేజీలో రాస్తాం. నెలలో రెండుసార్లు పడిన చేప మీద కన్నేసి ఉంచుతాం, మూడోసారి పడితే చిన్న చెరువులోకి మార్చి విశ్రాంతి ఇస్తాం. చేప చనిపోతే సున్నం వేసి పాతి, పేజీ కింద కారణం రాసి మూసేస్తాను. తర్వాత ఆ పేజీలో ఉన్న అతిథులందరికీ వారి ఫోటోతోపాటు రెండు వాక్యాల ఉత్తరం పంపుతాను. ఆ పని గుమస్తాకు అప్పగించకండి, మీరే రాయండి.