లారీ మడ్గార్డుల్లో గడ్డకట్టిన నల్లరేగడి వదిలిన తీరు: నా అనుభవం

వానల్లో పత్తిచేల దారుల్లో తిరిగిన మా లారీ, కడిగించిన తర్వాత కూడా వేగం అందుకోగానే వణికేది. ప్రెషర్ నీళ్లు కొట్టించాను, డీజిల్ చల్లాను, గడ్డపారతో పొడిచాను; లాభం లేకపోయింది.

చివరికి పనిచేసింది నానబెట్టడమే. ఎండిన రేగడి ఇటుకతో సమానం. నిదానంగా నీరు పీలిస్తేనే ఉబ్బి వదులవుతుంది. సాయంత్రం తడి గోనెసంచులు మడ్గార్డుల లోపల కుక్కి, రాత్రి రెండుసార్లు తడిపాను. తెల్లవారాక చెక్కముక్కతో పైనుంచి కిందికి గీకితే పెచ్చులుగా ఊడింది. తర్వాత రిమ్ము లోపలి వైపు చూశాను. రెండు వేళ్ల మందాన, ఒక పక్కనే మట్టి పేరుకుని ఉంది. వణుకంతా దానివల్లే! ఆఖరున ఛాసిస్‌ను, అంటే లారీ అడుగు చట్రాన్ని, తక్కువ ఒత్తిడి నీటితో, వైర్ల మీద పడకుండా కడిగాను. ఆరాక కమాను (కుదుపులు ఆపే స్ప్రింగు పట్టీల) పిన్నులకు గ్రీజు పట్టించాను. ఇది మాత్రం మరవకండి.

ఎర్రమట్టికి ఇంత నానబెట్టడం అవసరం కాకపోవచ్చు. మట్టి పోయినా వణుకు ఆగకపోతే చక్రాల బ్యాలెన్సింగ్ చూపించండి.